సన్నాయి బాబాయి ఫోను

మా మేనకోడలు కిందటి నెల తన సెల్‌ఫోను కంపెనీ మార్చుకుంది. నంబరు పాతదే, ఫోను పాతదే, కంపెనీ మాత్రం కొత్తది. కాఫీ తాగుతూ ఒక మెసేజ్ పెట్టింది, నాలుగైదు రోజుల్లో పని అయిపోయింది. "అంతేనా?" అన్నాను. "అంతే అత్తా, ఇంకేం ఉంటుంది?" అని నా వంక జాలిగా చూసింది. ఇరవై ఏళ్ళు సెల్‌ఫోను కంపెనీ కౌంటర్లో కూర్చుని వచ్చినదాన్ని, నన్ను పట్టుకుని జాలిగా చూసింది! ఆ ఉక్రోషంలోనే ఇది రాస్తున్నాను. అది చదవాలి, దాని వయసు వాళ్ళందరూ చదవాలి. ఇంకేం ఉంటుందో చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు సెల్‌ఫోను కంపెనీ షోరూంలో పనిచేసేదాన్ని. అంతకుముందు ఎస్టీడీ బూత్ నడిపాను. ఊళ్ళో సెల్‌ఫోన్లు పెరిగిన కొద్దీ నా బూతుకి జనం తగ్గారు. ఏ ఫోన్లు నా బూతు మూయించాయో ఆ ఫోన్లే అమ్మే ఉద్యోగంలో చేరాను. జీతం ఒకటో తారీఖున వస్తుందంటే రోషం ఎంతసేపు నిలుస్తుంది?

షోరూం అంటే ఇప్పటి అద్దాల మేడలు ఊహించుకోకండి. మెయిన్ రోడ్డు మీద రెండు షట్టర్ల గది, అంతే. ముగ్గురం ఉండేవాళ్ళం. మేనేజరు గారు అంతకుముందు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా చేశారు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, ఈయనకి ఫోను దేనికి, కిటికీ తీసి మాట్లాడితే నరసరావుపేటలో వినపడుతుంది అని మేం నవ్వుకునేవాళ్ళం. రెండోవారు మెకానిక్. యాభై దాటిన మనిషి. జీవితమంతా రేడియోలు బాగుచేసి, చివర్లో సెల్‌ఫోన్లకు వచ్చారు. ఏ ఫోను చేతికిచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారు. మూడోదాన్ని నేను. సిమ్ కార్డులు ఇవ్వడం, ఫారాలు నింపించడం, వాటిని పనిచేయించడం నా వంతు.

రోడ్డుకి అవతల, సరిగ్గా మా ఎదురుగా, ఇంకో కంపెనీ షోరూం ఉండేది. రెండు షోరూంల మేనేజర్లూ ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవారు. కానీ ఆ కౌంటర్లో కూర్చునే అమ్మాయీ నేనూ ప్రాణస్నేహితులం. మంగళగిరిలో మగ్గాల ఇంటి పిల్ల. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం ఇద్దరం వెనక సందులో ఉన్న జిరాక్స్ షాపులో కూర్చుని కలిసి భోంచేసేవాళ్ళం. ఆమె తెచ్చే గోంగూర కోసం నేను మా కంపెనీ రహస్యాలు ఏమైనా చెప్పేసేదాన్నే. అదృష్టవశాత్తూ నాకు తెలిసిన రహస్యాలేవీ లేవు.

మాఘమాసం అప్పుడు. మా వైపు మాఘమాసం అంటే ఒక పక్క పెళ్ళిళ్ళు, ఇంకో పక్క మిర్చి. పొద్దున్నించీ గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీల లారీలు, అదే మిర్చి బస్తాల లారీలు, వెళుతూనే ఉండేవి. ఒక లారీ షోరూం ముందు ఆగిందంటే లోపల అందరం వరసగా తుమ్మేవాళ్ళం. కొత్తగా వచ్చిన కస్టమర్లు కంగారు పడేవారు. మాకు అలవాటే.

అలాంటి ఒక సోమవారం ఆయన వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, మెడలో జరీ కండువా, చేతిలో పొడుగాటి చెక్కపెట్టె. చుట్టుపక్కల పల్లెల్లో సన్నాయి అంటే ఆయనే. దూదేకుల వారు. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడట, తాతా ముత్తాతలు గుళ్ళల్లో సన్నాయి ఊదారట. ఈయన రెండోదాన్ని పట్టుకున్నాడు. రంజాన్‌కి ఉపవాసం ఉండి, సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక రాములవారి పెళ్ళికి సన్నాయి ఊదిన మనిషి. అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచాను.

"అమ్మా, నాకో సెల్లు నంబరు కావాల," అన్నాడు కుర్చీ అంచున కూర్చుని. "రెండు సీజన్ల నుంచి నా పెళ్ళిళ్ళు పోతన్నయ్."

సంగతేమిటంటే, ఆయనకు ఇంట్లో ఫోను లేదు. ఊళ్ళో ఎరువుల షాపు నంబరు ఇచ్చేవాడు. పెళ్ళివాళ్ళు అక్కడికి ఫోను చేస్తే, షాపాయన తీరిక దొరికినప్పుడు కబురు చెప్పేవాడు. ఒకసారి ముహూర్తం అయిపోయిన మర్నాడు చెప్పాడట! "తప్పు ఆయనది కాదులేమ్మా. యూరియా కోసం జనం మీద పడతంటే నా పెళ్ళి ఏం గుర్తుంటది?" అన్నాడు. కోపం లేని మనిషి. కానీ ఆ మాట అంటున్నప్పుడు చేతులు ఆ పెట్టె మీద అటూ ఇటూ నిమురుతూనే ఉన్నాయి. ఆయన మేళంలో నలుగురు మనుషులు. ఇద్దరు అప్పటికే పత్తి మిల్లులో కూలికి పోతున్నారు. ఈ సీజను కూడా ఇలాగే గడిస్తే మేళమే ఉండదు.

వాళ్ళ ఊళ్ళో జిన్నింగ్ మిల్లు పక్కన మా కంపెనీ టవరు ఉంది. ఎదురు కంపెనీది అక్కడ అందదు. కాబట్టి మా సిమ్మే తీసుకోవాలి. ఫారం నింపి, సిమ్ తీసి, అది పలుకుతుందో లేదో చూపించడానికి నా సొంత ఫోనులో వేసి, షోరూం ల్యాండ్‌లైన్ నుంచి రింగ్ చేశాను. నా ఫోను మోగింది. "ఇదుగో బాబాయ్, ఇదే మీ నంబరు," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా ఫోనులోంచి తీసిన ఆ సిమ్మును జేబు రుమాల్లో చుట్టి, లాల్చీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఫోనో?" అన్నాను. మా దగ్గరున్న ఫోన్లు చూసి ఆయన వెనక్కి తగ్గాడు. అప్పుడు నేను నోరు జారాను. "పరవాలేదు బాబాయ్, ఫోను విడిగా ఎక్కడైనా కొనుక్కోండి. ఏ ఫోనైనా సరే, మా సిమ్ వేస్తే పలుకుతుంది." మంచి మనసుతో అన్న మాటే. ఉద్యోగంలో నేను చేసిన పొరపాట్లన్నీ మంచి మనసుతో చేసినవే.

ఆయన ఆ మాట పట్టుకుని మర్నాడే గుంటూరు వెళ్ళి, బజార్లో చవగ్గా వస్తోందని ఒక ఫోను కొన్నాడు. పెట్టె, ఛార్జరు, అన్నీ కొత్తవి. దారిలోనే ఆయనకు తెలిసిన పురోహితుడు కనిపించి ఒక కబురు చెప్పాడు. చీరాలలో పెద్ద చీరల వ్యాపారి, కూతురి పెళ్ళి, అయిదు రోజుల మేళం. వాళ్ళకి ఈయన సన్నాయే కావాలట. బాబాయ్ సంబరంగా తన కొత్త నంబరు రాసిచ్చాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల వాళ్ళే ఫోను చేస్తామన్నారు. ఆ ఫోను అందకపోతే వేరే మేళం మాట్లాడుకుంటారు. వాళ్ళ నంబరు ఈయన దగ్గర లేదు. పురోహితుడు ఇంకేదో పెళ్ళికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున షట్టరు ఎత్తేసరికి బాబాయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సాయంత్రం ఎక్కడో పెళ్ళి ఉందేమో, సన్నాయి పెట్టె కూడా పక్కనే ఉంది. ఆ పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో కొత్తగా, తడి ఆరీ ఆరకుండా, నేనిచ్చిన పదంకెల నంబరు రాయించుకున్నాడు.

"పలకట్లేదమ్మా," అన్నాడు ఫోను చేతిలో పెడుతూ. "నిన్న రాత్రి సిమ్మేసి చూస్తే ఏందో ఇంగ్లీషులో చూపిస్తంది."

చూశాను. ఈ సిమ్ ఇందులో పనికిరాదని రాసి ఉంది.

ఇది మీకు తెలియదు కాబట్టి చెప్పాలి. ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు స్కీము పెట్టి, ఫోనూ సిమ్మూ కలిపి చవగ్గా ఇచ్చేవి. అందుకు బదులుగా ఆ ఫోనుకి లోపల తాళం వేసేవి. వాళ్ళ సిమ్ తప్ప ఇంకొకరిది వేస్తే ఫోను పలకదు. గుంటూరు బజార్లో ఆ షాపువాడు స్కీము పెట్టెలు విప్పి, సిమ్ములు ఒకరికి, ఫోన్లు ఒకరికి అమ్మేశాడన్నమాట. తాళం వేసిన ఫోను బాబాయ్‌కి వచ్చింది. అదీ ఎవరి తాళం? మా ఎదురు కంపెనీది.

మేనేజరు గారు సంగతి విని, "ఎవరమ్మా ఈయనకి ఏ ఫోనైనా పరవాలేదని చెప్పింది?" అని అరిచారు. నేల చూశాను. బాబాయ్ వెంటనే, "నాకే తెలియక కొన్నానండీ," అన్నాడు. నా మీదికి మాట రాకుండా ఆయన అడ్డం వచ్చాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ఇక పరువు చూసుకోలేదు. రోడ్డు దాటి ఎదురు షోరూంలోకి నడిచాను. అదృష్టం, వాళ్ళ మేనేజరు ఆ రోజు మీటింగుకి గుంటూరు వెళ్ళాడు. మంగళగిరి పిల్ల అంతా విని, "అక్కా, తాళం తీసే అంకెలు మా హెడ్డాఫీసు వాళ్ళు ఇస్తారు. నాకు తెలిసిన సారు ఉన్నాడులే, బతిమాలతా. ఫోను పెట్టె మీద పదిహేనంకెల నంబరు ఉంటది చూడు, అది చెప్పు," అంది. ప్రతి ఫోనుకీ అలాంటి నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని బట్టే తాళం అంకెలు. పెట్టె మీద నంబరు రాసిచ్చాను. ఆమె ఫోను చేసి బతిమాలింది, నవ్వింది, మళ్ళీ బతిమాలింది. పావుగంటలో ఫ్యాక్స్ మీద అంకెల వరస వచ్చింది. కింద ఒక హెచ్చరిక కూడా ఉంది: అయిదు సార్లే అవకాశం. అయిదూ తప్పితే తాళం శాశ్వతంగా బిగుసుకుంటుంది. తర్వాత ఆ ఫోను ఎవరికీ పనికిరాదు.

అప్పటికి పదిన్నర. కంగారేమీ లేదనుకున్నాం.

మొదటిసారి మెకానిక్ గారు నొక్కారు. అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపి, ఆ తర్వాత నొక్కారు. తప్పు అని చూపించింది. "నా కళ్ళజోడు మార్చాలి, ఏదో అంకె జారింది," అని రెండోసారి తీరిగ్గా నొక్కారు. తప్పు. "మీరు వెనక్కి జరగండి," అని మేనేజరు గారు చొక్కా చేతులు మడిచి వచ్చారు. ఒక్కో అంకెనీ నరసరావుపేటకి వినపడేలా చదువుతూ నొక్కారు. తప్పు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "నాకివ్వండి," అన్నాను. మంగళగిరి పిల్ల కౌంటరు వదిలేసి వచ్చి నా పక్కన నిలబడి కాగితం చదివింది, నేను నొక్కాను. ఒక్క పొరపాటు చేయలేదు. ప్రమాణం చేసి చెబుతాను, ఒక్క అంకె తప్పలేదు.

తప్పు అని చూపించింది.

ఇంకొక్క అవకాశం మిగిలింది. గడియారం పదకొండు దాటింది. మేనేజరు గారు కూడా మాట్లాడలేదంటే పరిస్థితి ఊహించుకోండి. ఒక మనిషి నా మాట నమ్మి, ఒక సీజను కష్టం పెట్టి కొనుక్కున్న వస్తువు నా చేతిలో ఉంది. ఇంకొక్కసారి నొక్కితే అది చచ్చిపోవచ్చు. నొక్కకపోతే బతికీ లాభం లేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఏడ్చాను కూడా, దాపరికం ఎందుకు?

బాబాయ్ నన్ను చూసి కంగారు పడ్డాడు. "ఊరుకో తల్లీ, ఏడిస్తే ఎట్టా?" అంటూ, ఏం చేయాలో తోచనివాడిలా తన పెట్టె తెరిచాడు. లోపల నల్లటి సన్నాయి. దాని మూతికి ఒక దారం, ఆ దారానికి గుత్తిగా నాలుగైదు చిన్న రెల్లుముక్కలు. ఆ ముక్కని పీక అంటారు. సన్నాయికి ప్రాణం అందులోనే ఉందట. ఆయన వాటిని ఒక్కొక్కటే వేళ్ళతో తడుముతూ ఉన్నట్టుండి ఆగాడు.

"అమ్మా, ఒకటడుగుతా, తప్పయితే ఏమీ అనుకోబాక. నేను సన్నాయి చేతిలోకి తీసుకోగానే ముందు చూసేది, ఈ పీక ఈ సన్నాయిదేనా అని. ఒకదాని పీక ఇంకోదానికి పెడితే ఎంత గొప్పోడు ఊదినా అపస్వరమే. మీరంతా బాగానే నొక్కారు, నేను చూశా. మరి ఈ పెట్టె ఈ ఫోనుదేనా?"

నా కన్నీళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పెట్టె మీద నంబరునీ ఫోను లోపల నంబరునీ సరిచూసుకోవడం మా పనిలో మొట్టమొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్ళకి దాన్ని నేర్పించేదాన్నే నేను. ఫోను మీద అయిదు మీటలు నొక్కితే చాలు, లోపలి నంబరు తెర మీదికి వస్తుంది. ఆ రోజు పెట్టె కొత్తగా తళతళలాడుతుంటే ఆ పని చేయలేదు. నేనే కాదు, నలుగురిలో ఒక్కరూ చేయలేదు.

నొక్కి చూశాను. చివరి అయిదంకెలు వేరు. గుంటూరు షాపువాడు పెట్టెలు విప్పినప్పుడు ఒకదాని ఫోను ఇంకోదానిలో పెట్టేశాడు. మేం పొద్దున్నించీ పక్క ఫోను తాళం అంకెలు ఈ ఫోనుకి పెడుతున్నాం!

మంగళగిరి పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరుగెత్తింది. ఈసారి హెడ్డాఫీసు సారు టీకి వెళ్ళాడట. పదకొండు ముప్పావు అయింది. మా గుమ్మంలో నిలబడి అందరం ఎదురు షోరూం వైపు చూస్తున్నాం. మేనేజరు గారు, తన జన్మలో మొదటిసారి, ఆ షోరూం ఫ్యాక్స్ మిషను బాగా పనిచేయాలని దేవుడికి మొక్కుకున్నారు. పైకే మొక్కుకున్నారు కాబట్టి అందరికీ వినపడింది. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుందనగా ఆ పిల్ల కాగితం ఊపుకుంటూ వచ్చింది.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. చేయి ఒకటే వణుకు. మెకానిక్ గారు నా వల్ల కాదన్నారు. మేనేజరు గారు గోడకున్న క్యాలెండరు చూస్తున్నారు. అప్పుడు బాబాయ్ చేయి చాపాడు.

"ఇటియ్యమ్మా. నా వేళ్ళు వణకవు. నువ్వు చదువు, నేను నొక్కుతా."

నేను మొదటి అంకె చదవబోతున్నాను. సరిగ్గా అప్పుడే షోరూం ముందు మిర్చి లారీ ఒకటి ఆగింది. ఘాటు గుప్పుమని లోపలికి కొట్టింది. మేనేజరు గారు తుమ్మారు. మెకానిక్ గారు తుమ్మారు. మంగళగిరి పిల్ల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆ కొంగులోనే తుమ్మింది. నేను ఒక అంకె చదవడం, ఒకసారి తుమ్మడం. బాబాయ్ మాత్రం ఊపిరి బిగపట్టి, కళ్ళు సగం మూసి, నేను చదివిన అంకెని చదివినట్టు నొక్కుతూ పోయాడు. "కళ్ళు తెరిచి నొక్కండీ!" అని మేనేజరు గారు తుమ్ముల మధ్య అరిచారు. ఆయన వినలేదు. ఒక్క ఊపిరిలో మొత్తం వరస పూర్తిచేశాడు. అన్నేళ్ళు సన్నాయి ఊదిన ఛాతీ మరి.

తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. ఆ తర్వాత పైన ఒక మూల మా కంపెనీ పేరు, దాని పక్కన నిండుగా సిగ్నలు గీతలు.

మెకానిక్ గారు నన్ను కావలించుకోబోయి, మర్యాద గుర్తొచ్చి మేనేజరు గారిని కావలించుకున్నారు. మంగళగిరి పిల్ల చప్పట్లు కొట్టింది. తన కంపెనీ తాళం ఊడిపోయి మా కంపెనీకి కస్టమరు వచ్చాడన్న సంగతి ఆ పిల్లకి గుర్తే లేదు. బాబాయ్ అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి వదిలి, తీరిగ్గా ఒక తుమ్ము తుమ్మాడు.

ఆ తుమ్ము ఇంకా అవలేదు, ఫోను మోగింది.

బాబాయ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని విన్నాడు. "ఇదేం పాటమ్మా? శ్రుతే లేదు దీనికి," అన్నాడు. "ముందు ఎత్తండి బాబాయ్!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఏ మీట నొక్కాలో చూపించాను. చీరాల నుంచే. మాట బయటికి వినపడేంత పెద్ద గొంతు.

"మేళం సాయిబు గారేనా అండీ? మా అమ్మ మీ సన్నాయి ఎప్పుడో గుళ్ళో విన్నదంట. మనవరాలి పెళ్ళికి ఆ మనిషే రావాలని పట్టు పట్టింది. మీరే ఆయనో కాదో తెలవాలంటే ఒక్కసారి వినిపించమంటంది. ఏమీ అనుకోబాకండి, పెద్దావిడ."

బాబాయ్ మా వైపు చూశాడు. మేనేజరు గారు కౌంటరు మీద కాగితాలన్నీ ఒక్క తోపు తోసి చోటు చేశారు. ఫోను చేత్తో పట్టుకుని దూరంగా, ఇంకా దూరంగా జరిగి గుమ్మం దాకా వెళ్ళారు, పెద్దావిడ చెవి బద్దలవకుండా. బాబాయ్ గుత్తిలోంచి ఒక పీక తీసి, నాలికతో తడిపి, సన్నాయికి బిగించి, మోహన రాగం ఎత్తుకున్నాడు.

ఆ రెండు షట్టర్ల గదిలో అంత సన్నాయి! గోడకి తగిలించిన ఫోను బొమ్మల అట్టలు అదిరాయి. రోడ్డు మీద మనుషులు ఆగారు, రిక్షాలు ఆగాయి. మిర్చి లారీ డ్రైవరు ఇంజను ఆపి తల బయటపెట్టాడు. జిరాక్స్ షాపాయన వచ్చాడు. ఎవరి పెళ్ళని ఎవరో అడిగారు. ఎవరిదీ కాదు అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, మధ్యమధ్య తుమ్ముతున్నాను కూడా. నా ఉద్యోగంలో అంత ఆనందం మళ్ళీ రాలేదు.

ఆగాక ఫోనులోంచి ముసలి గొంతు వినపడింది: "ఆయనేరా. ఆయనే."

మేళం ఖాయమైంది. బాబాయ్ మా అందరికీ టీలు, ఎదురు షోరూంలో వాళ్ళకి కూడా టీలు చెప్పి, పన్నెండున్నర బస్సుకి వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే నాకు బాగుండేది. అవలేదు. ఆయన వెళ్ళాక మంగళగిరి పిల్లా నేనూ జిరాక్స్ షాపులో క్యారేజీలు విప్పాం. ఆ పిల్ల ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "అక్కా," అంది నెమ్మదిగా. "ఆయన సిమ్ము తీసి నీ ఫోనులో వేస్తే ఆ చీరాల ఫోను వచ్చేది కదా?"

చేతిలో ముద్ద క్యారేజీలోనే వదిలేశాను. సోమవారం అదే సిమ్మును నా ఫోనులోనే మోగించి చూపించాను! ఆ పనికి అర నిమిషం పడుతుంది. ఉదయం నుంచి నలుగురం, రెండు కంపెనీలు, ఒక ఫ్యాక్స్ మిషను, ఒక హెడ్డాఫీసు, ఇంత గందరగోళం! మెకానిక్ గారికి చెబితే ఆయన నెత్తి కొట్టుకుని, కొట్టుకున్నాక నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. మేనేజరు గారు మాత్రం, మొదటిసారి గుసగుసగా, "ఈ మాట ఈ గది దాటకూడదు. ముఖ్యంగా ఆయనకి తెలియకూడదు," అన్నారు. ఒట్టు వేసుకున్నాం.

ఆ ఒట్టు చాలా ఏళ్ళు నిలబెట్టాను. బాబాయ్ మేళం నలుగురి నుంచి ఏడుగురైంది. మిల్లుకి పోయినవాళ్ళు తిరిగి వచ్చారు. పండక్కీ పబ్బానికీ ఫోను చేసి పలకరించేవాడు. ఆయన కృతజ్ఞత చెప్పినప్పుడల్లా నాకు లోపల గుచ్చుకునేది.

నేను రిటైరైన రోజు గుంటూరు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. ఎవరు చెప్పారో, బాబాయ్ వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో అదే పెట్టె, మూత మీద పెయింటు రెండు మూడుసార్లు దిద్దించిన అదే నంబరు. పిలవకుండానే వచ్చి, అడగకుండానే ఊదాడు. సభ అయ్యాక పక్కకి తీసుకెళ్ళి, మనసులో ఉన్నది కక్కేశాను. "బాబాయ్, మీ దగ్గర ఒక మాట దాచాను. ఆ రోజు ఆ సిమ్మును నా ఫోనులో వేసి ఉంటే చాలు, చీరాల వాళ్ళ ఫోను వచ్చేది. మాకు తట్టలేదు. మిమ్మల్ని అంత ఏడిపించాం."

ఆయన నవ్వాడు. కండువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"నాకు ఆ రోజే తెలుసు తల్లీ. సోమవారం నువ్వే కదా నీ ఫోనులో ఏసి మోగించి చూపించింది?"

"తెలిసి ఎందుకు చెప్పలేదు బాబాయ్? పన్నెండు దాటితే ఆ పెళ్ళి పోయేది కదా?"

"నేను చెపితే మీరేం చేసేవాళ్ళు? నీ ఫోనులో ఏసి, ఆ ఒక్క మాట మాట్లాడించి, పని అయిపోయింది బాబాయ్, ఎళ్ళిరా అనేవాళ్ళు. నా ఫోను అట్టాగే మూగదై పెట్టెలో పడుండేది. మీ నలుగురూ దాని మీద పడి అట్టా కొట్టుకుంటన్నారంటే, అది పన్నెండు లోపల పలకాలన్న ఆత్రంతోనే. ఆ ఆత్రం నేను తీసేస్తే ఎట్టా? మరీ అయిదు నిమిషాలుందనగా చెబుదామనే అనుకున్నాలే. అసలు అందాకా రానియ్యలేదు మీరు."

అన్నేళ్ళు నేను ఆయన్ని గట్టెక్కించాననుకున్నాను. మా నలుగురినీ ఆయన వాయించుకున్నాడు!

ఇంకేం ఉంటుందని అడిగింది కదా మా మేనకోడలు. వచ్చే మాఘంలో దాని పెళ్ళి. మేళం మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. నిన్న ఫోను చేశాను. నంబరు వెతుక్కోలేదు, ఆ పదంకెలూ నాకు నోటికొచ్చు. రెండో రింగుకే ఎత్తాడు.

"పలుకుతోందమ్మా," అన్నాడు. "చెప్పు."